మా వంతుకో పాత గ్రిల్లు

మార్చి 9, ఆదివారం

ఈ లెక్కల పుస్తకం వెనక పంతొమ్మిది పేజీలు ఖాళీగా మిగిలాయి. ఇక్కడే రాస్తాను. అమ్మాయి నా పుట్టినరోజుకి కొనిచ్చిన డైరీ బీరువాలో ఉంది. దాని కవరు ఇంకా విప్పలేదు. అంత మంచి కాగితం మీద మొదటి మాటే కోపంతో రాయడం ఎందుకు?

పొద్దున బావమరిది ఫోను చేశాడు. మా ఆవిడకి ఒక అక్క, ఒక తమ్ముడు. రెండు నెలలకోసారి, ఆదివారం మధ్యాహ్నం, మూడు కుటుంబాలూ ఒకరింట్లో కలుస్తాయి. ఎవరి వంతు వస్తే వాళ్ళు వండి పెట్టాలి. వాళ్ళిద్దరికీ పెరట్లో గ్యాస్ గ్రిల్లులున్నాయి. మేం వంటింట్లో స్టవ్వు మీదే వండేవాళ్ళం. పోయిన అక్టోబరులో మా వంతు వదిలేశారు. సరే, అప్పటికి మా ఆవిడ చెయ్యి మానలేదు. ఏప్రిల్ చివరి ఆదివారం మళ్ళీ మాది.

"బావా, ఈసారి కూడా మా ఇంట్లోనే పెట్టేద్దాంలే. మీకెందుకు శ్రమ?" అన్నాడు.

"శ్రమ ఏముంది? మీ అక్క రోజూ వంట చేస్తూనే ఉందిగా."

"రోజూ సంగతి వేరు బావా. అందరం వస్తాం, పిల్లలుంటారు, ఏదైనా అయితే? నన్నడిగితే ఇకనుంచి రెండిళ్ళ మధ్యే తిప్పుకుంటే పోతుంది."

రెండిళ్ళ మధ్యే! ఇరవయ్యేళ్ళుగా వస్తున్న వంతుని ఒక్క ఫోనుతో పీకేశాడు. ఫోను స్పీకర్లో ఉంది. పక్కనే కూర్చున్న మా ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. ఒక్క మాటంటే వాడి నోరు మూతపడేది. అనలేదు.

దీనంతటికీ మూలం గ్యారంటీ. రైలు గేటు అవతల పాత సామాన్ల షాపు వాడు. ఏదడిగినా "గ్యారంటీ సార్" అంటాడని ఆ పేరు పెట్టాను. పోయిన ఆగస్టులో వాడి దగ్గర రెండు బర్నర్ల స్టవ్వు కొన్నాను. నేనే బిగించాను. నాలుగో రోజు పైపు దగ్గర మంట లేచి మా ఆవిడ కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. ఆ వారమే వాడి షాపుకెళ్ళి, జనం ముందే కడిగేశాను. మా వీధిలో చెప్పాను, మా ఫ్యాక్టరీలో చెప్పాను. కుళ్ళిపోయిన పైపు అంటగట్టిన మనిషి ఊళ్ళో తలెత్తుకు తిరగకూడదు.

అప్పటి నుంచి నేను వంటింటి గడప తొక్కితే చాలు, మా ఆవిడ అగ్గిపుల్ల కింద పెట్టేసి, "మీరు వరండాలో కూర్చోండి" అంటుంది. కేకలెయ్యదు. మామూలుగానే అంటుంది. నేను వరండాలో కూర్చుంటాను.

గ్రిల్లు కొంటాను. మంట ఆరుబయట ఉంటే ఎవరికీ భయం ఉండదు. ఏప్రిల్ 27న మా పెరట్లో వండి పెడతాను.

మార్చి 11, మంగళవారం

అమ్మాయి కొత్తది వాయిదాల మీద తీసుకుందామంటోంది. వద్దన్నాను. ఉన్న డబ్బుతోనే కొనాలి. నా హద్దు నెల జీతంలో ఆరోవంతు. ఆ ధరకి పాతదే వస్తుంది. పాతది అనగానే చెడ్డది అయిపోదు. ఫ్యాక్టరీలో నా చేతి కింద ఉన్న నలభై కుట్టుమిషన్లలో కొత్తవి మూడే. ఏ బడిలోనూ చదవకుండా, విప్పి, బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాను. ఒక మిషను ఆగితే ఎందుకాగిందో శబ్దం విని చెప్తాను. గ్రిల్లు అంతకంటే కష్టమా?

చూడవలసినవి: అడుగు రేకు. బర్నర్ రంధ్రాలు. కమ్మీలు ఇనుపవా, పూత వేసినవా. నాబులు. రెగ్యులేటర్. సంచిలో అయస్కాంతం, స్క్రూడ్రైవరు, సబ్బునీళ్ళ సీసా పెట్టుకున్నాను. గ్యాస్ వదిలి అతుకుల మీద సబ్బునీళ్ళు పూస్తే, ఎక్కడ కారుతుంటే అక్కడ బుడగలొస్తాయి. బుడగ అబద్ధమాడదు.

మార్చి 15, శనివారం

అమ్మాయి ఫోనులో ప్రకటన చూసి ఒకటి పట్టింది. 'కొత్తదానిలా ఉంది' అని రాశాడు. ఫోటోలో నిజంగానే అలా ఉంది. మూడు బస్సులు మారి వెళ్ళాను. కుర్రాడు, ముప్ఫై ఉండవు, నిద్ర మొహంతో వచ్చాడు.

గ్రిల్లుని గోడకి ఆనించి పెట్టాడు. ముందుకు లాగమన్నాను.

"ఎందుకు అంకుల్? బానే ఉందిగా."

"వెనక చూడాలి."

"వెనక ఎవరు చూస్తారు అంకుల్?"

"మంట చూస్తుంది."

లాగాడు. వెనక రేకు లేదు. తుప్పు తినేసింది, పిడికిలి పట్టే కంత. ఫోటో ముందు నుంచి తీసి పెట్టాడు! పోనీ, తలుపు తీయమంటే తలుపు చేతికొచ్చింది. దాన్ని మళ్ళీ తగిలించి, "ఇది మామూలే" అన్నాడు. ఒళ్ళు మండింది. బస్సు ఛార్జీలు ఎవరిస్తారని అడగాలనిపించింది. అడగలేదు. ఈ రోజుల్లో జనానికి సిగ్గు లేదు.

మార్చి 16, ఆదివారం

ఇంకా కోపం తగ్గలేదు. 'మంట చూస్తుంది' అన్న మాట బాగా వచ్చింది.

మార్చి 22, శనివారం

రిటైరైన నర్సమ్మ ఇల్లు. భర్త పోయాక వాడటం లేదట. గుడ్డ తీసి చూపించింది. రెండు బర్నర్లు, పోత ఇనుప కమ్మీలు, అడుగు రేకు గట్టిగా ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిచినా లొంగలేదు. గ్యాస్ వదిలి సబ్బునీళ్ళు పూశాను. బుడగ లేదు. రెండోసారి పూశాను. లేదు. ధర నా హద్దులోపలే.

"అన్నీ బావున్నాయి బాబూ. ఒక్కటే, పైపు మూడేళ్ళ నాటిది. అది పీకి పారేసి కొత్తది పెట్టుకోండి. పాత పైపుని మాత్రం నమ్మొద్దు. నేను ఆసుపత్రిలో కాలిన వాళ్ళని చాలామందిని చూశాను" అంది.

నాకు నేర్పక్కర్లేదన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, ఆవిడ వెనక్కి జరిగింది. ఇరవై ఏడేళ్ళుగా యంత్రాలతో బతుకుతున్నవాడికి పైపు మార్చమని చెప్పడమేమిటి? అడిగామా?

ఎడమవైపు నాబు వదులుగా ఉంది. అందుకని వదిలేశాను. నాబు వదులైతే లోపల వాల్వు అరిగిందని అర్థం. అరిగి ఉండొచ్చు.

మార్చి 23, ఆదివారం

అమ్మాయి: "నాబు కోసం వదిలేశావా నాన్నా? నాబు!"

నేను: "నాబే ముఖ్యం."

అమ్మాయి: "పోయిన వారం నా సైకిల్ పెడల్ ఊడిపోతే ఆర్డినరీ స్క్రూ పెట్టి తొక్కమన్నావు."

పిల్లలకి నోరు ఎక్కువైంది. మా ఆవిడ బట్టలు ఆరేస్తూ మా ఇద్దరివైపూ చూసింది. పొడుగు చేతుల జాకెట్టు. ఈ ఎండలో కూడా అదే.

మార్చి 26, బుధవారం

కాలర్లు కుట్టే అక్క మిషను బెల్టు తెగింది. మారుస్తుంటే అడిగింది, "గ్రిల్లు దొరికిందా తమ్ముడూ?"

"ఎక్కడ అక్కా. అందరూ దొంగలే."

"ఆ రైలు గేటు షాపు వాడి దగ్గర మంచిదొకటి వచ్చిందట. నేను మాత్రం నువ్వు చెప్పినప్పటి నుంచి అటు పోలేదు బాబూ. నేనే కాదు, ఈ లైనులో ఎవరూ పోవడం లేదు. మొన్న మా ఆయన అక్కడ ఫ్యాను చూశానంటే ఇంట్లో అడుగు పెట్టనివ్వనన్నాను."

మంచి పని చేశావక్కా అన్నాను. బెల్టు రెండుసార్లు తప్పు బిగించాను. చెయ్యి జారింది.

మార్చి 30, ఆదివారం

లారీ డ్రైవరు ఇంటి దగ్గర గ్రిల్లు వెండిలా మెరుస్తోంది. దగ్గరకెళ్తే పెయింటు వాసన. నిన్ననే వేశాడు. మెరుపు మధ్యలో స్క్రూడ్రైవరు ఆనిస్తే చాలు, అవతలికి వెళ్ళిపోయింది. రేకు లేదు, పెయింటే ఉంది!

"పొడిచి పాడు చేశావు, డబ్బు కట్టు" అన్నాడు.

"పెయింటుకి కట్టాలా, కంతకి కట్టాలా?" అన్నాను.

కొట్టడానికి వచ్చాడు. వాళ్ళమ్మ లోపలి నుంచి, "నేను ముందే చెప్పాను కదరా, వద్దని" అని అరిచింది. ఆవిడ వల్ల బయటపడ్డాను.

మనుషులు ఇలా ఎలా ఉంటారు? ఎదుటివాడి ఇల్లు కాలినా ఫర్వాలేదా? తప్పు దాచి పైన పూత పూసి అమ్మేస్తారా? ఆ మాట దారంతా అనుకుంటూనే వచ్చాను.

ఏప్రిల్ 5, శనివారం

బావమరిది కారులో వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "బావా, వెతికి వెతికి అలిసిపోయావట. అమ్మాయి చెప్పింది. నా పాత గ్రిల్లు గ్యారేజీలో పడి ఉంది. తీసుకెళ్ళు. డబ్బేం వద్దు, ఊరికే."

"ఊరికే ఎందుకు?"

"మాకెలాగూ అడ్డమే కదా బావా!"

అడ్డమైనది మాకా! పైగా వెళ్తూ వెళ్తూ చెప్పుల దగ్గర ఆగి, "బిగించేటప్పుడు మాత్రం మనిషిని పిలిపించు. నువ్వు ముట్టుకోకు. డబ్బు నేనిస్తాలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కర్లేదు పొమ్మన్నాను.

వాడు వెళ్ళాక మా ఆవిడని అడిగాను, "విన్నావా, మీ తమ్ముడి మాట?"

"విన్నాను."

"నేను ముట్టుకోకూడదట!"

ఆవిడ టీ కప్పులు తీస్తోంది. పాత కప్పులు, అంచులు పగిలినవి. కొత్తవి ఆరు బీరువాలో ఉన్నాయి. పెళ్ళికొచ్చినవి, కాగితం చుట్టి దాచాం. బావమరిదికి కూడా పగిలినవాటిలోనే ఇచ్చాం.

"మీరేమంటారు? ముట్టుకోవచ్చా?" అంది.

అదేం ప్రశ్న? చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

రైలు గేటు పడింది. సైకిలు ఆపాను. ఆగక తప్పలేదు. గ్యారంటీ షాపు ముందు గ్రిల్లు ఉంది. రెండు బర్నర్లు, చక్రాలు, పక్కన చెక్క పలక. దూరం నుంచే తెలుస్తోంది, బరువైన సరుకు.

వాడు చూశాడు. "సార్, చూసి పోండి. చూస్తే పోయేదేముంది? గ్యారంటీ."

"నీ గ్యారంటీ నాకు తెలుసు" అన్నాను.

"ఎనిమిది నెలల నుంచీ మీరంటూనే ఉన్నారు, నేను పడుతూనే ఉన్నాను. ఒక్క మాట చెప్పండి సార్. ఆ రోజు నేను కవర్లో పెట్టి ఇచ్చింది..."

గేటు లేచింది. వచ్చేశాను. వాడు వెనక నుంచి ఇంకా ఏదో అన్నాడు. అదంతా రాయక్కర్లేదు.

ఏప్రిల్ 12, శనివారం

నర్సమ్మకి ఫోను చేశాను. నాబు సంగతి ఆలోచించి, తీసుకుందామని. అమ్ముడైపోయిందట. "మీరు వెళ్ళిన మర్నాడే పోయింది బాబూ. నాబు లోపల చిన్న స్క్రూ వదులైందట, వచ్చినాయన అక్కడికక్కడే బిగించుకున్నాడు" అంది.

పదిహేను రోజులుంది వంతుకి.

ఏప్రిల్ 13, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పదకొండింటికి వీధిలో తోపుడుబండి ఆగింది. బండి మీద గ్రిల్లు. చక్రాలు, చెక్క పలక. గ్యారంటీ షాపు ముందున్నదే. పక్కన మా ఆవిడ నడిచి వస్తోంది. చేతిలో నా సంచి. నా అయస్కాంతం, నా సబ్బునీళ్ళ సీసా!

బండివాడు దింపి వెళ్ళేదాకా ఆగాను. తర్వాత ఆగలేకపోయాను.

"వాడి దగ్గర కొన్నావా? నీ చెయ్యి కాల్చినవాడి దగ్గర?"

"పరీక్ష చేసే తీసుకున్నాను. అడుగు పొడిచాను, రేకు గట్టిగా ఉంది. సబ్బునీళ్ళు మూడుసార్లు పూశాను. మీ హద్దు కంటే తక్కువకే వచ్చింది."

"తక్కువకే ఇస్తాడు! పోయినసారీ తక్కువకే ఇచ్చాడు! సిగ్గుండాలి మనకి. ఊరంతా తిరిగి వాడి పరువు తీసింది నేను, వాడి గుమ్మం తొక్కింది నువ్వు. రేపు ఫ్యాక్టరీలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీసి చెక్క పలక మీద పెట్టింది. కొత్త గ్యాస్ పైపు. చుట్టలు చుట్టి ఉంది, కవరుతో. కవరుకి పిన్ను కూడా తీయలేదు.

"సెప్టెంబరులో కుట్టుసూది కోసం వెతుకుతుంటే దొరికింది. మీ పనిముట్ల పెట్టెలో, కింది అరలో" అంది.

"నా పెట్టె ఎందుకు తీశావు?"

ఇదే అన్నాను. దేవుడి మీద ఒట్టు, నాకు వచ్చిన మాట ఇదే. నా పెట్టె ఎవరూ తీయకూడదని ఎన్నిసార్లు చెప్పాను? దాని మీద ఇంకా చాలా అన్నాను. భార్యాభర్తల మధ్య కూడా ఒక హద్దుండాలన్నాను. ఆవిడ అంతా విన్నది.

"అతను స్టవ్వుతో పాటు కొత్త పైపు ఇచ్చాడు. మీరు మన పాత స్టవ్వు పైపు తీసి అతని స్టవ్వుకి బిగించారు. నాకు తెలిసి ఏడు నెలలైంది. మీరే చెప్తారని చూశాను. అక్టోబరులో చెప్తారనుకున్నాను. మొన్న తమ్ముడొచ్చినప్పుడు చెప్తారనుకున్నాను."

"ఎందుకడగలేదు?"

"అడిగితే మీరు చెప్పినట్టవుతుందా?"

అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

ఏప్రిల్ 14, సోమవారం

పని. వేరే ఏమీ లేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

నా పెట్టె తీయడం మాత్రం తప్పే.

ఏప్రిల్ 16, బుధవారం

ఆగస్టు సంగతి రాస్తాను. ఎనిమిది నెలల్లో ఎక్కడా రాయలేదు. ఈ పుస్తకం ముందు భాగంలో ఆ నెల లెక్కలున్నాయి. స్టవ్వు కొన్నట్టుంది, ఆసుపత్రి ఖర్చుంది, మందులున్నాయి. పైపు మాట లేదు. అది ఊరికే వచ్చింది కాబట్టి లెక్కలో రాయలేదు.

గ్యారంటీ అది కవర్లో పెట్టి చేతికిచ్చి, "పాతది వాడొద్దు సార్, ఇది నా లెక్కలో ఇస్తున్నాను" అన్నాడు. ఇంటికొచ్చి కవరు పట్టుకుని చూశాను. మంచి పైపు. లోపల తీగ అల్లిక. గడువు తేదీ ఐదేళ్ళు. అంత మంచిదాన్ని అప్పుడే వాడి పాడుచేయడం ఎందుకనిపించింది. పాత పైపు వంచి చూశాను, ఇంకో ఏడాది వస్తుందనిపించింది. చివర చిన్న బీట కనిపించింది. అక్కడికి కత్తిరించి బిగించాను. సబ్బునీళ్ళు పూయలేదు. నేను బిగించినదానికి పరీక్ష ఎందుకులే అనుకున్నాను.

ఈ ఇంట్లో అన్నీ అంతే. కొత్త తువ్వాళ్ళు బీరువాలో, చిరుగువి దండెం మీద. కొత్త కప్పులు బీరువాలో. కొత్త దుప్పట్లు, అమ్మాయి గొడుగు, నా డైరీ. మా అమ్మ అలా చేసేది, నేనూ అలాగే చేశాను. మా ఆవిడకీ అదే అలవాటు చేశాను.

మంట లేచిన రోజు పాత పైపు కరిగి ముద్దయింది. దాన్ని ఎవరూ చూడకుండా చెత్తలో వేశాను. డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. "అమ్మినవాడు పాడు పైపు ఇచ్చాడు" అన్నాను. ఆ మాట అలా వచ్చేసింది. మొదటిసారి నోరు తడబడింది. రెండోసారి తడబడలేదు. ఫ్యాక్టరీలో చెప్పేటప్పటికి నాకు నిజంగానే కోపం వచ్చింది.

ఇవాళ పొద్దున ఆవిడతో చెప్పాను. తెలిసిందే చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ, "పైపు దాచినందుకు నాకు కోపం లేదు. నేనైనా దాచేదాన్నే. ఆయన్ని అలా తిట్టి వచ్చి మీరు అన్నం తింటుంటే చూడలేకపోయేదాన్ని" అంది.

ఇంకా అంది, "వరండాలో కూర్చోండి."

ఏప్రిల్ 18, శుక్రవారం

పని అయ్యాక గ్యారంటీ దగ్గరికి వెళ్ళాను. షాపులో ఎవరూ లేరు. విరిగిన కుర్చీ కాలికి మేకు కొడుతున్నాడు. చెప్పాను. తప్పు నాది, నువ్వు కొత్త పైపే ఇచ్చావు అన్నాను. మేకు కొట్టడం ఆపలేదు.

"మేడమ్ గారు మొన్ననే చెప్పారు సార్. ఇదే మాట ఇంకెవరితోనైనా చెప్పారా?"

"నీతో చెప్పాలని..."

"నాకెందుకు సార్? నేనేం ఇచ్చానో నాకు తెలీదా? ఆ రోజు మీరు వచ్చి తిట్టినప్పుడు ఈ షాపులో ఆరుగురున్నారు. నేను లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు చూసుకుని వచ్చారు."

ఎంత పొగరు! క్షమాపణ చెప్పడానికి వచ్చిన మనిషితో మాట్లాడే తీరేనా ఇది? రైలు గేటు దాకా అలాగే అనుకుంటూ నడిచాను. గేటు దగ్గర ఆగాను. రైలు లేదు, గేటు తెరిచే ఉంది. అయినా ఆగాను.

వెనక్కి వెళ్ళాను. "రేపు శనివారం. ఎన్నింటికి తీస్తావు?" అన్నాను.

"పదింటికి సార్."

ఏప్రిల్ 19, శనివారం

పదింటికే వెళ్ళాను. అమ్మకానికి పెట్టిన కుర్చీలో కూర్చోమన్నాడు. నిన్న మేకు కొట్టినదే. "ఆరుగురు వచ్చేదాకా కూర్చుంటాను" అన్నాను. మీ ఇష్టం సార్ అన్నాడు.

ఒంటిగంట అయ్యేసరికి నలుగురు వచ్చారు. వచ్చినవాళ్ళని పోనివ్వకుండా ఏదో ఒకటి చూపిస్తూ ఉన్నాడు. ఒకాయన గడియారం చూసి చూసి విసుక్కున్నాడు. ఒకామె, ఆమె కూతురు పెనం తిప్పి తిప్పి చూస్తున్నారు. ఒక ముసలాయన కొనేదేమీ లేదని చెప్పి నీడకి కూర్చున్నాడు. ఆయన్ని లెక్కపెట్టొచ్చా అని అడిగాను.

"లెక్కే సార్. ఆ రోజూ ఈయన ఇలాగే కూర్చున్నాడు" అన్నాడు గ్యారంటీ. తర్వాత టీ ఇస్తూ, "శనివారం పూట ఇంతకు ముందు ఇసకేస్తే రాలేది కాదు సార్ ఇక్కడ" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నేను టీ గ్లాసు కుర్చీ కింద పెట్టేశాను.

ఐదో మనిషి ఫ్యాను కోసం వచ్చాడు. ఇంకొకరు తక్కువ. రెండున్నర అయింది. గడియారం ఆయన లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. ఆరో మనిషి రాకపోతే బాగుండుననీ, వస్తే బాగుండుననీ రెండూ అనుకున్నాను.

మా ఆవిడ వచ్చింది. చేతిలో నా టిఫిన్ డబ్బా.

"అన్నానికి రాలేదేంటి? ఇక్కడేం చేస్తున్నారు?"

"మేడమ్ గారితో ఆరుగురయ్యారు సార్" అన్నాడు గ్యారంటీ.

లేచి నిలబడ్డాను. కుర్చీ పడిపోయింది. దాని మేకు ఊడింది. నేను ఆరుగురి ముందు ఏనాడూ మాట్లాడినవాణ్ణి కాదు, ఆ తిట్టిన రోజు తప్ప.

"పోయిన ఆగస్టులో ఈయన నాకు స్టవ్వుతో పాటు కొత్త పైపు ఇచ్చాడు. నేను దాన్ని దాచి పాత పైపు బిగించాను. అది అంటుకుని ఈవిడ చెయ్యి కాలింది. ఈయన పాడు పైపు ఇచ్చాడని ఊరంతా చెప్పాను. అది అబద్ధం. ఈయన తప్పు లేదు. నాది."

ముసలాయన తల ఊపాడు. ఆయనకి వినపడిందో లేదో తెలియదు. గడియారం ఆయన చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి వచ్చాడు.

ఫ్యాను మనిషి గ్యారంటీ వైపు తిరిగి, "అది సరే, ఈ ఫ్యాను ఎన్నాళ్ళు తిరుగుతుంది?" అన్నాడు.

"గ్యారంటీ సార్" అన్నాడు వాడు. గొంతు కొంచెం వేరుగా ఉంది.

అక్కడే, బండ మీద కూర్చుని అన్నం తిన్నాను. మా ఆవిడ పక్కన నిలబడింది. కుర్చీ కాలు నేనే బిగించి వచ్చాను. మేకు కాదు, స్క్రూ పెట్టాను. వాడు మెకానిక్కు కాదు, వాడికేం తెలుసు.

ఏప్రిల్ 21, సోమవారం

కాలర్ల అక్కకి చెప్పాను. మిషను ఆపేసి నన్ను తేరిపార చూసింది. "ఎనిమిది నెలలు నన్ను బజారు షాపుకి తిప్పావు కదరా, రెట్టింపు ధరలకి!" అని లైనంతా వినపడేలా తిట్టింది. నా పని సగం తేలికైంది. మిగతావాళ్ళకి ఆవిడే చెప్పేస్తుంది.

ఏప్రిల్ 26, శనివారం

పైపు కవరు విప్పాను. కొలత సరిపోయింది. గడువు ఇంకా నాలుగేళ్ళు పైనే ఉంది. రెండు చివర్లా కొత్త క్లిప్పులు బిగించాను. గ్యాస్ వదిలి సబ్బునీళ్ళు పూశాను. మా ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరం అతుకువైపు చూస్తూ చాలాసేపు ఉన్నాం.

"బుడగ లేదు" అన్నాను.

"మళ్ళీ పూయండి" అంది.

మళ్ళీ పూశాను.

ఈ పుస్తకంలో ఇక అర పేజీ ఉంది. అర పేజీని వదిలేయడం నాకు కష్టమే. వదిలేస్తున్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇది కొత్త డైరీ. కాగితం మరీ నునుపుగా ఉంది, పెన్ను జారుతోంది.

మా వంతు. పదకొండు మందిమి. బావమరిది గ్రిల్లు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎవరితో బిగించావు బావా?" అన్నాడు. నేనే అన్నాను. పైపు సంగతి కూడా చెప్పాను, ఆగస్టుది. వదినగారు చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది. బావమరిది మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఉల్లిపాయలు కోస్తోంది.

"నాకు తెలుసులే. ముక్కలు అందుకో" అంది వాడితో.

తర్వాత జాకెట్టు చేతులు మోచేయి పైదాకా మడిచింది. చర్మం అక్కడ నున్నగా, వేరే రంగులో ఉంది. అందరూ చూశారు. లైటరు తీసుకుంది. నేను అలవాటుగా వరండావైపు రెండడుగులు వేశాను.

"ఎక్కడికి? మీరు ఇక్కడే ఉండండి" అంది.

ఉన్నాను.

టీ కొత్త కప్పుల్లో ఇచ్చాం. ఒకటి అప్పుడే పగిలింది. వదినగారి మనవడు పగలగొట్టాడు. మొక్కజొన్న పొత్తులు మాడాయని బావమరిది సాయంత్రం దాకా అంటూనే ఉన్నాడు. మాడలేదు. నేను పక్కనే ఉన్నాను. అస్సలు మాడలేదు.